కోటగోడ పక్కన మూడు పాదాలు

మార్చి 21

టిప్పు సుల్తాన్ ఏలుబడిలోని బెంగళూరు కోట బ్రిటిషువాళ్ళ చేతికి చిక్కింది 1791లో, ఇదే మార్చి 21 రాత్రి. అందుకని మా తిరుగుడు ఈ తేదీనే మొదలవ్వాలని బాబాయి పట్టుబట్టాడు. ఆయన నెల్లూరులో తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. హైకూలు, అంటే జపాను నుంచి వచ్చిన మూడు పాదాల చిన్న కవితలు, రాస్తాడు, రాసేదానికంటే ఎక్కువ చదువుతాడు. ఉగాదికి బెంగళూరులో మా ఇంటికి వచ్చినవాడు వెంటనే తిరిగి వెళ్ళకుండా ఆగిపోయాడు. ఊళ్ళోనూ ఊరి చుట్టుపక్కలా ఉన్న కోటలు చూడాలి, చూసినచోటే కూర్చుని హైకూ రాయాలి, ఇంటికొచ్చి తీరిగ్గా రాసింది చెల్లదు. ఇదీ మా ఇద్దరి ఒప్పందం.

జయనగర్‌లో మెట్రో ఎక్కితే కృష్ణరాజేంద్ర మార్కెట్ ఎంతో దూరం కాదు. ఆ కాసేపట్లోనే బాబాయి జపాను హైకూ కవి బషో సంగతి ఎత్తాడు. ఆయనతో ప్రయాణమంటే బషో లేకుండా జరగదు. 1689లో బషో కాలినడకన ఉత్తర జపాను వైపు వెళ్ళాడు. దారిలో హిరైజుమి అనే చోట ఒక గుట్ట ఎక్కాడు. అంతకు 500 ఏళ్ళ ముందు, 1189లో, యొషిత్సునె అనే వీరుడు కొద్దిమంది అనుచరులతో ప్రాణాలు వదిలిన చోటు అది. బషో వెళ్ళేటప్పటికి అక్కడ కోటా లేదు, ఇళ్ళూ లేవు, గడ్డి ఒక్కటే ఉంది. తలమీది గొడుగు టోపీ తీసి కింద పరుచుకుని, పొద్దు తెలియకుండా ఏడ్చానని బషో రాసుకున్నాడు. ఆ ఏడుపు అంతా వచనంలో ఉంది. దాని పక్కనున్న హైకూలో మాత్రం వేసవి గడ్డి, ఆ యోధుల కలల ఆనవాలు, అంతే. వీరుడి పేరు లేదు, సంవత్సరం లేదు, కన్నీళ్ళు లేవు.

"చరిత్రనంతా వచనానికి అప్పజెప్పేయాలమ్మా. హైకూలో మాత్రం కంటి ముందరున్నదే ఉండాల," అన్నాడు బాబాయి. రైలు దిగేటప్పటికి మాకు దారి దొరికినట్టయింది. నేనీ కథనం రాస్తున్నది కూడా ఆ పద్ధతిలోనే. ఏళ్ళూ పేర్లూ ఇక్కడ, చూసింది ఆ మూడు పాదాల్లో.

స్టేషన్ బయటికి రాగానే మార్కెట్ రొద మీద పడింది. ఉగాది వెళ్ళినా పూలబేరం తగ్గలేదు. ఫ్లైఓవర్ కింద బస్సులు, తోపుడుబళ్ళు, మూరలు కొలుస్తున్న చేతులు. వాటన్నిటినీ తప్పించుకుని నాలుగడుగులు వేస్తే కోట. తెలియనివాళ్ళు రోజూ దాని పక్కనుంచే బస్సెక్కి వెళ్ళిపోతుంటారు. మిగిలింది చాలా కొంచెం. 1537లో ఈ ఊరికి పునాది వేసిన కెంపేగౌడ కట్టించింది మట్టికోట. 1761లో హైదర్ అలీ రాతితో గట్టిగా కట్టించాడు. ఆ తర్వాతి కాలంలో గోడలు పడగొట్టి రోడ్లు వేశారు, కోట ఉన్న నేల మీద ఆసుపత్రులూ బడులూ లేచాయి. ఇప్పుడు ఉన్నది ఢిల్లీ దర్వాజా, కొంత గోడ, లోపల ఒక చిన్న వినాయకుడి గుడి. దర్వాజా తలుపులు మాత్రం ఇప్పటికీ తల ఎత్తి చూడాల్సినంత ఎత్తు. నేను అక్కడే మెట్టు మీద కూర్చుని మొదటిది రాశాను:

ఢిల్లీ దర్వాజా —
బస్సు పొగ వెనకే
మల్లెల వాసన

మా నెల్లూరులో మల్లెపూలు వచ్చాయంటే ఎండలు ముదిరినట్టు. హైకూకి రుతువు కావాలి కదా, దాని కోసం చెర్రీపూల దాకా పోనక్కర్లేదు. మల్లె, వేపపూత, కానుగ చిగురు, పచ్చిమామిడి, మొదటి వాన వాసన. మనకి ఏ నెల నడుస్తోందో చెప్పే సరుకు ఇంటి గుమ్మం దగ్గరే ఉంది.

గోడ వెంట నడిచి గండి దగ్గరికి వెళ్ళాం. బ్రిటిషు సేన ఈ గండిలోంచే లోపలికి దూసుకొచ్చిందని, 1791 మార్చి 21 అని చెక్కిన రాతిపలక ఉంది. బ్రిటిషు గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ సేన ముందు మార్చి 7న కోట బయటి పేటను పట్టుకుంది. ఆ తర్వాత రెండు వారాలు ఫిరంగులతో కోటగోడను ఒకేచోట కొట్టి కొట్టి గండి పెట్టారు. వెన్నెల రాత్రి చూసుకుని దాడి చేశారు. కోట అధికారి (కిల్లేదారు) బహదూర్ ఖాన్ పోరాడుతూ అక్కడే పడిపోయాడు. బాబాయి ఆ పలక ముందు చాలాసేపు మాట్లాడలేదు. అదే తేదీన అదే చోట నిలబడి ఉండడం ఆయన్ని నిజంగా కదిలించింది. తర్వాత నోటుపుస్తకం తీసి రాసి, రెండో పాదంలో ఒక మాట కొట్టేసి నాకు చూపించాడు. కొట్టేసిన మాట 'నెత్తురులా'. మిగిలింది ఇది:

గోడ కూలిన చోట
ఎర్రగా
రావిచిగురు

రాళ్ళ సందుల్లో నిజంగానే జానెడు రావిమొక్క ఉంది, దాని లేతాకులు ఎర్రగానే ఉన్నాయి. "పలక చదివి వచ్చినోడికి ఆ ఎరుపు ఏందో మనం చెప్పాల్నా? చెప్పబాకమ్మా. చెప్తే చిగురు చచ్చిపోద్ది," అన్నాడు. నాకు ఈ యాత్ర మొత్తంలో బాగా నచ్చిన హైకూ ఇదే. మధ్య పాదంలో ఒక్కటే మాట. ఆ ఒక్క మాటా చిగురును చూపిస్తుంది, ఆ రాత్రినీ లోపలికి రానిస్తుంది.

ఈ కోటకే ఇంకో కథ ఉంది. కెంపేగౌడ కట్టిస్తుండగా దక్షిణ ద్వారం కట్టింది కట్టినట్టే పడిపోతుంటే, గర్భిణి అయిన ఆయన కోడలు లక్షమ్మ రాత్రివేళ వచ్చి తనను తాను బలి ఇచ్చుకుందని చెప్పుకుంటారు. కోరమంగళలో ఆవిడ పేర గుడి ఉంది. దాని మీద హైకూ రాయాలని నాకు అనిపించలేదు. ఆవిడ ఎదురుగా కనిపించదు. కనిపించని ఆడమనిషిని మూడు పాదాల్లో కుదించి పెడితే అలంకారంగా మిగిలిపోతుంది. ఆవిడకి పెద్ద కథే కావాలి, గట్టిగా గొంతెత్తి పాడే పాటే కావాలి. మన వైపు చెరువు కట్టల కోసం బలైన ఆడవాళ్ళ పాటలు ఎలా పాడతారో అలా.

అక్కడినుంచి కోటె వెంకటరమణ స్వామి గుడికి నడిచాం. గుడి కట్టించినవాడు మైసూరు రాజు చిక్కదేవరాజ ఒడయరు, కట్టిన ఏడాది 1689. ఆ అంకె వినగానే బాబాయి మొహం వెలిగిపోయింది. బషో గడ్డిలో కూర్చుని ఏడ్చిన సంవత్సరం అదే! అక్కడ ఒక కవి కూలిపోయిన కోట ముందు కూర్చున్నప్పుడు ఇక్కడ కోట నీడన శిల్పులు గుడి స్తంభాలు చెక్కుతున్నారు. దీన్లోంచి ఏ అర్థమూ పిండాలని లేదు. కానీ రెండు తేదీలు అలా పక్కపక్కన వచ్చి నిలబడితే ఒళ్ళు జలదరిస్తుంది.

గుడి ముందు స్తంభం గురించి అక్కడివాళ్ళు ఒక మాట చెబుతారు. 1791 దాడిలో ఫిరంగి గుండు ఆ స్తంభానికి తగిలి ఆగిపోయిందని, దాంతో పక్కనున్న టిప్పు భవనం బతికిపోయిందని. ఒక తాత తన మనవడికి ఆ కథే చెబుతున్నాడు. మనవడి ధ్యాస దొన్నెలో ఉంది:

ఫిరంగి కథ అయిపోయింది —
వేళ్ళు నాకుతూనే ఉన్నాడు
పులిహోర పిల్లాడు

పక్కనే టిప్పు వేసవి భవనం. హైదర్ అలీ మొదలుపెడితే టిప్పు 1791లో పూర్తి చేశాడు. అంటే భవనం పూర్తయిన ఏడాదే కోట పోయింది. టిప్పు చనిపోయాక కొన్నేళ్ళకి దీన్ని బ్రిటిషువాళ్ళు ప్రభుత్వ కార్యాలయంగా వాడుకున్నారు, 1868లో అఠారా కచేరీ అనే భవనానికి మారేదాకా. రెండంతస్తులూ టేకు స్తంభాలే. గోడల మీద రంగులు చాలావరకు వెలిసిపోయినా పూలతీగలు తెలుస్తున్నాయి. ఎండ బాగా ఎక్కింది. కాపలాదారు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని స్తంభం నీడలో కూర్చున్నాడు. మేము పైకి వెళ్ళి తిరిగి వచ్చేసరికి కుర్చీ కొంచెం పక్కకి జరిగి ఉంది, నీడతో పాటే.

స్తంభం నీడతో పాటే
జరుగుతోంది
కాపలాదారు కుర్చీ

ఇది రాశాక బాబాయి నా తల నిమిరాడు. స్కూల్లో ఉన్నప్పుడు పద్యం అప్పజెప్పినందుకు నిమిరినట్టే.

మార్చి 22

పొద్దున బెంగళూరు ప్యాలెస్. మేం చూస్తున్నవాటిలో యుద్ధం ఎరగని కోట ఇదొక్కటే. మాట వరసకి ప్యాలెస్ అంటున్నా బయటినుంచి చూస్తే ఇంగ్లండు కోటే. బురుజులు, పళ్ళు పళ్ళుగా తీర్చిన గోడ అంచులు, గోడమీదికి పాకిన తీగలు. 1862లో సెంట్రల్ హైస్కూలు మొదటి ప్రిన్సిపాల్ గారెట్ దొర మొదలుపెట్టాడు. 1873లో దాన్ని బాలుడైన మైసూరు మహారాజు చామరాజేంద్ర ఒడయరు కోసం కొన్నారు. లోపల ఫొటోలు, వేట గుర్తులు, దర్బారు హాలు. చూసి బయటికొచ్చేశాం. శత్రువు కోసం కట్టని బురుజుకి బలం తక్కువ అని నాకు అనిపించింది. రాయి అదే కావచ్చు, ఆ రాతికి ఎవరి కోసమూ ఎదురుచూసిన అలవాటు లేదు.

అయినా బాబాయి గేటు దగ్గరినుంచి కదలనన్నాడు. ఆయనకి ఇక్కడ ఇంకో జపాను కవి షికి గుర్తొచ్చాడు. మసవొక షికి 1867లో మత్సుయమలో పుట్టాడు, ఈ ప్యాలెస్ పని మొదలైన కొద్ది ఏళ్ళకే. ఇప్పుడు మనం హైకూ అంటున్న రూపానికి ఆ పేరు స్థిరపరిచిందీ ఆయనే. మత్సుయమ ఊరి మధ్యలో గుట్ట, గుట్ట మీద కోట. ఆధునిక కాలానికి ముందు కట్టిన కోట ప్రధాన బురుజులు జపానులో ఇంకా 12 నిలిచి ఉన్నాయి, మత్సుయమది వాటిలో ఒకటి. షికి తన ఊరి మీద రాసిన హైకూ చిన్నపిల్లాడికి కూడా అర్థమవుతుంది. మత్సుయమ, శరత్తు కన్నా ఎత్తుగా కోటబురుజు. ఆకాశం ఎత్తుగా, తేటగా కనిపించే రుతువు శరత్తు. దానికన్నా ఎత్తు అంటున్నాడు. తన ఊరి కోట మీద ఎంత గర్వం ఉంటే ఆ మాట వస్తుంది!

ప్యాలెస్ మైదానంలో పెళ్ళిళ్ళు జరుగుతుంటాయి. రాత్రి ఏదో పెద్ద పెళ్ళే అయినట్టుంది, పనివాళ్ళు షామియానాలు విప్పుతున్నారు. ఒక్కొక్క గుడ్డా దిగుతుంటే వెనకనుంచి బురుజు పైకి వస్తున్నట్టుంది. బాబాయి షికి పేరు చెబుతుండగానే నాకు ఈ పాదాలు వచ్చేశాయి:

విప్పేసిన షామియానా —
బురుజు మళ్ళీ
ఎత్తుగా

మధ్యాహ్నం ఇంట్లో మిగిలిన బొబ్బట్లు, కాస్త నిద్ర. సాయంత్రం లాల్‌బాగ్. తోట మొదలుపెట్టింది హైదర్ అలీ, 1760లో. మేం వెళ్ళింది తోట కోసం కాదు, బండ మీది కెంపేగౌడ గోపురం కోసం. ఇలాంటివి ఊరికి నాలుగు వైపులా నాలుగు ఉన్నాయి. ఇక్కడ, హలసూరు చెరువు దగ్గర, కెంపాంబుధి చెరువు దగ్గర, మేఖ్రి సర్కిల్ దగ్గర. ఊరు ఇంతవరకే పెరగాలని కెంపేగౌడల కాలంలో గీసిన గీతలు అంటారు. ఇప్పుడు గోపురం దగ్గర నిలబడి ఏ వైపు చూసినా ఊరు అంతమయ్యేది కనిపించదు.

నాకు గోపురం కంటే దాని కింద ఉన్న బండ ఎక్కువ. దాని వయసు సుమారు 300 కోట్ల సంవత్సరాలని భూగర్భ శాస్త్రవేత్తల లెక్క. జాతీయ భూగర్భ స్మారకంగా ప్రకటించి పలక కూడా పెట్టారు. మేం చూస్తున్న కోటలన్నీ ఈ రాతి ముందు నిన్నమొన్నటివి. పెద్దవాళ్ళు నడకకి వస్తున్నారు, పిల్లలు బండ మీద జారుతున్నారు. చెప్పులు విడిచి కూర్చున్నాం. పొద్దు పూర్తిగా వాలిపోయింది, గాలి చల్లబడింది, అరికాళ్ళకి మాత్రం వేడి తగులుతోంది:

పొద్దు గుంకాక కూడా
అరికాళ్ళకి వెచ్చగా
బురుజు కింది బండ

మార్చి 23

తెల్లవారకముందే బయల్దేరాం, నంది కొండకి. ఊరినుంచి సుమారు 60 కిలోమీటర్లు. శని ఆదివారాల్లో ఈ దారి బళ్ళతో నిండిపోతుంది, పనిరోజు కావడంతో నిదానంగా వెళ్ళాం. కారు నడిపిన కుర్రాడిది చిక్కబళ్ళాపురం. మేం మాట్లాడుకుంటుంటే అద్దంలోంచి నవ్వి, "మా ఇంట్లో కూడా తెలుగే సార్ మాట్లాడేది, రాసేది మాత్రం కన్నడం," అన్నాడు. బాబాయి ముందు సీట్లోకి మారిపోయాడు. ఇక కొండ దాకా వాళ్ళిద్దరి ముచ్చట్లే. మా వైపు 'ఎట్టా' అనేదాన్ని వాళ్ళు ఎలా అంటారు, ఉగాది రోజు వాళ్ళింట్లో ఏం వండారు, ఇవన్నీ. చిక్కబళ్ళాపురం, కోలారు వైపు చాలా ఊళ్ళలో ఇదే తీరు.

దారి పొడుగునా కానుగలు ఆకు రాల్చి మళ్ళీ తొడుక్కుంటున్నాయి. ఆ లేతాకుపచ్చ మీద హెడ్‌లైట్లు పడుతుంటే బాబాయికి మరో జపాను హైకూ కవి బుసోన్ గుర్తొచ్చాడు. బుసోన్ చిత్రకారుడు కూడా, 1784లో పోయాడు. అంటే హైదర్ అలీకి సమకాలికుడే. కొండకొమ్మున కోట, చుట్టూ లేతాకులు, వాటి మధ్య ధీమాగా నిలబడ్డ కోట అని ఆయన హైకూ ఒకటి ఉంది. కోట మీద వచ్చిన హైకూల్లో ఎక్కువ భాగం దిగులువే, కూలిన గోడలవే. బుసోన్‌ది అలా కాదు. ఆయన చూసింది బతికున్న కోటని. కింద చిగుళ్ళు పెరుగుతుంటే పైన కోట ఇంకా గట్టిపడినట్టు కనిపిస్తుంది. రాతికి ఆకు బలం ఇవ్వడం! కోట కనబడితే చాలు కూలిపోయిందని నిట్టూర్చే మన అలవాటుకి ఇది మంచి మందు.

నంది కొండ 1,478 మీటర్ల ఎత్తు. మూడు వైపులా నిలువు కొండచరియలు, మిగిలినవైపు గోడలు. టిప్పు దీన్ని ఎవరూ పట్టుకోలేని దుర్గంగా బలపరిచాడు. అయినా 1791 అక్టోబరు 19న, సుమారు మూడు వారాల ముట్టడి తర్వాత, కారన్‌వాలిస్ సేన చేతికి పోయింది. బెంగళూరు కోట పోయిన ఏడాదే. తర్వాత అదే కొండ దొరలకి వేసవి విడిది అయింది. మైసూరు కమిషనరుగా చేసిన కబ్బన్ దొర బంగళా ఇంకా ఉంది. 1927లో ఆరోగ్యం దెబ్బతిన్నప్పుడు గాంధీగారు ఇక్కడే కొన్నాళ్ళు ఉన్నారు.

పైన ద్వారం దాటి గోడ వెంట నడిచాం. టిప్పు డ్రాప్ అని పిలిచే చరియ దగ్గర ఇనుప కంచె. శిక్షపడ్డ ఖైదీలని అక్కడినుంచే తోసేసేవారని చెబుతారు. కంచె పట్టుకుని కిందికి చూస్తే ఏమీ కనిపించలేదు, అంతా తెలుపు. ఆ తెలుపే నెమ్మదిగా పైకి లేచి, కంచె దాటి, గోడ దాటి, మా మధ్యలోంచి లోపలికి నడిచింది. బాబాయి రెండు బారల దూరంలో ఉండి కూడా కనిపించలేదు. ఆయన గొంతు మాత్రం వినిపిస్తోంది, "రాసుకో, రాసుకో!"

ఏ సైన్యమూ
రాలేని వైపు నుంచి
కోటలోకి మబ్బు

ఇందులో సైన్యం వచ్చింది కదా, నియమం తప్పావని బాబాయిని ఒక మాట అనమన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "చరియ చూసినోడికి ఎవడికైనా ఆ ఆలోచన రాకుండా ఉంటదా? అది చరిత్ర కాదు, ఆ ఎత్తు కొలిచే కర్ర," అన్నాడు. నాకూ సబబే అనిపించింది. పేరూ తేదీ లేకుండా సైన్యం అంటే ఏ సైన్యమైనా కావచ్చు, ఎక్కలేక వెనక్కి తిరిగినవాళ్ళందరూ కావచ్చు.

మబ్బు విడిచాక దక్షిణానా తూర్పునా కొండల వరస బయటపడింది. ఈ కొండల్లోనే చెన్నకేశవ కొండ దగ్గర పెన్న పుడుతుంది. పాలారుకూ అర్కావతికీ కూడా ఈ చుట్టుపక్కలే పుట్టిల్లు. పెన్న ఇక్కడినుంచి అనంతపురం, కడప జిల్లాలు దాటి, సుమారు 600 కిలోమీటర్లు నడిచి మా నెల్లూరు పక్కన సముద్రంలో కలుస్తుంది. బాబాయి పుట్టి పెరిగింది పెన్న ఒడ్డున. ఈత నేర్చుకుంది అందులో, ఆనకట్ట మీద నడిచి బడికి పోయింది, మా నాయనమ్మ అస్థికలు కలిపింది అందులో. ఆ నది మొదలయ్యే కొండల్ని ఆయన ఇంతకుముందు చూడలేదు. కంచె పట్టుకుని అలాగే ఉండిపోయాడు, తర్వాత కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆయన రాసింది ఇది:

కొండ మీద చినుకు —
సముద్రం దాకా
నడవాలిక పెన్న

నిజానికి అది చినుకు కాదు, మబ్బు ఆకుల మీద పట్టి రాలిన చెమ్మ. మార్చిలో ఆ కొండ మీద అలా రాలిన నీళ్ళు ఎక్కడి దాకా వెళ్తాయో చెప్పలేం. కానీ ఈ హైకూలో దూరం ఉంది. రాసినవాడి వయసు కూడా ఉంది.

కిందికి దిగి తిరుగుదారిలో దేవనహళ్ళి కోట. 1501లో ఆవతి నాయకుల వంశంలోని మల్లబైరేగౌడ మొదట కట్టించాడు. 1749లో మైసూరు సేన దీన్ని ముట్టడించినప్పుడే హైదర్ అలీ అనే మామూలు సిపాయి అందరి కళ్ళలో పడ్డాడు. ఆ మరుసటేడు టిప్పు పుట్టింది ఈ ఊళ్ళోనే. పుట్టినచోట చిన్న స్తంభాల మంటపం, పలక ఉన్నాయి. కోట సుమారు 20 ఎకరాలు, అర్ధచంద్రాకారంలో 12 బురుజులు. ఈ కోట ప్రత్యేకత ఏమిటంటే లోపల ఊరు ఇంకా ఉంది. ఇళ్ళు, వేణుగోపాలస్వామి గుడి, అంగళ్ళు, ఆరేసిన బట్టలు. ద్వారంలోంచి స్కూటర్లు వెళ్తుంటాయి. గోడ మీద ఎక్కి నడవచ్చు, తుపాకీ కన్నాల్లోంచి పొలాలు కనిపిస్తాయి.

ద్వారం దగ్గర ఒకావిడ పచ్చిమామిడి ముక్కలకి ఉప్పూకారం అద్ది అమ్ముతోంది. "యా ఊరప్పా మీది?" అని అడిగింది బాబాయిని. నెల్లూరు అంటే, "అబ్బో, సముద్రం తట్టునా!" అంది. ముక్కలు రెండు ఎక్కువే వేసింది.

గోడ మీద కూర్చుని తింటున్నాం. దేవనహళ్ళి పక్కనే విమానాశ్రయం కాబట్టి నిమిషానికొకటి నెత్తిమీద గర్జిస్తూ పోతోంది. ఒక నీడ పొలం మీదనుంచి పరుగెత్తుకొచ్చి, గోడ ఎక్కి, అటు దిగి, ఇళ్ళ కప్పుల మీదుగా పోయింది. గోడ పక్కన కట్టేసిన మేక తల కూడా ఎత్తలేదు.

దేవనహళ్ళి —
కోటగోడ దాటే విమానం నీడ
నెమరేస్తున్న మేక

మొదటి పాదం దగ్గర మాకు పెద్ద వాదనే జరిగింది. ఊరి పేరు తీసేయమన్నాడు బాబాయి. పేరుతో టిప్పు వస్తాడు, హైదర్ వస్తాడు, మళ్ళీ చరిత్ర వచ్చి కూర్చుంటుంది అని ఆయన భయం. నేను ఒప్పుకోలేదు. షికి తన హైకూని మత్సుయమ అనే మొదలుపెట్టాడు కదా! ఊరి పేరు కూడా కంటి ముందున్నదే. బస్సు మీద రాసి ఉంటుంది, మైలురాయి మీద రాసి ఉంటుంది, మామిడి ముక్కలు అమ్మే ఆవిడ నోట్లో ఉంటుంది. టిప్పు తెలిసినవాడికి ఆ పేరులో టిప్పు వస్తాడు, తెలియనివాడికి ఎండా మేకా మిగులుతాయి. ఇద్దరికీ ఏదో ఒకటి దక్కుతుంది. యొషిత్సునె ఎవరో తెలియకుండా బషో గడ్డిని చదివినవాళ్ళు మన తెలుగులో ఎంతమంది లేరు? వాళ్ళకి ఆ గడ్డి తక్కువేమీ కాలేదు. బాబాయి చాలాసేపు ముక్కలు నములుతూ ఊరుకుని, "సరే, ఉంచు. ఊరి పేరు దాకా పర్లేదు. మనిషి పేరొస్తే మాత్రం ఒప్పుకోను," అన్నాడు.

మార్చి 24

రాత్రి బస్సుకి బాబాయి వెళ్ళిపోవాలి. పగలంతా రెండు నోటుపుస్తకాలు ముందేసుకుని ఏరడంతోనే సరిపోయింది. ఇక్కడ ఇచ్చినవి ఏరినవి. పోయినవి ఇంకా చాలా ఉన్నాయి, ముఖ్యంగా టిప్పు భవనం మీద రాసినవి. వాటిలో విశేషణాలు ఎక్కువైపోయాయని ఇద్దరం తీసేశాం.

అక్షరాల లెక్క గురించి మాటొచ్చింది. జపానీ వాళ్ళ 5-7-5 మాత్రల్ని మన అక్షరాలతో సరిపెడితే తెలుగులో పాదం బరువైపోతుంది. మన ఒక్క సంయుక్తాక్షరంలో వాళ్ళవి రెండు మూడు ఇమిడిపోతాయి. అందుకే బాబాయి లెక్క పెట్టడు, పైకి చదివి చూస్తాడు. ఒక్క ఊపిరిలో అయిపోవాలి, మధ్యలో ఒకచోట ఆగాలి. ఆ ఆగినచోట రెండు వస్తువులు ఒకదాన్నొకటి చూసుకోవాలి. నా 'స్తంభం నీడ'లో ఆ ఆగడం లేదని ఆయన అభిప్రాయం. నాకైతే అందులో కుర్చీ ఎంత నిదానంగా జరుగుతుందో పాదాలూ అంతే నిదానంగా జరగాలనిపిస్తుంది, మధ్యలో విరిస్తే ఆ నిదానం పోతుంది. దాన్ని అలాగే ఉంచాను.

తర్వాతి యాత్ర నెల్లూరు వైపు నుంచి. ముందు ఉదయగిరి, శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకుని బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకుపోయిన కోట. అక్కడినుంచి గండికోట. నంది కొండల్లో పుట్టిన పెన్న ఎర్రరాతిని కోసుకుంటూ లోయ చేసుకున్న చోటు అది. గోడల లోపల గుడీ మసీదూ పెద్ద ధాన్యాగారమూ ఉన్నాయి. వానలు పడి లోయలో నీళ్ళు నిండుగా ఉన్నప్పుడు వెళ్ళాలని నేనూ, గడ్డి ఎండిపోయాక వెళ్ళాలని బాబాయీ. చివరికి కార్తీకంలో అనుకున్నాం, అప్పటికి నీళ్ళూ ఉంటాయి, గడ్డి రంగు కూడా మారడం మొదలవుతుంది. బస్సు ఎక్కే ముందు, ఈసారి తన దగ్గర చదువుకున్న ఇద్దరు ముగ్గురు పిల్లల్ని కూడా తీసుకొస్తానని, వాళ్ళకి మాత్రం ముందుగా ఏ తేదీలూ చెప్పనని అన్నాడు.